గొంతుకు దారి ఇచ్చే సంగీతం

బుర్రకథ విన్నవారందరికీ ఒక విషయం అనుభవంలో ఉన్నది. కథకుడు తంబురా మీటుతూ పాడుతున్నంతసేపూ వంతలిద్దరూ గుమ్మెటలు మోగిస్తూనే ఉంటారు. ఆయన పాట ఆపి వచనంలోకి దిగగానే గుమ్మెటల మోత అణుగుతుంది. వచనం ముగియగానే తిరిగి లేస్తుంది. ఇట్లా చేయమని వేదిక మీద వారికెవరూ చెప్పరు. వారి చెవి కథకుని గొంతు మీద, చేయి తమ వాద్యం మీద ఉంటాయి. ఒకదానిని విని మరొకదానిని తగ్గించే ఈ నేర్పునే కంప్రెసర్ అనే ధ్వనియంత్రానికి అలవరచినారు. ఆ ఏర్పాటుకు సైడ్‌చెయిన్ అని పేరు.

ఏలూరు వారికి దీనిని కాలువల భాషలో చెప్పడం సులభం. ధవళేశ్వరం ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తి అయినవి. ఆపైన గోదావరి నీరు, కృష్ణ నీరు కాలువల వెంట వచ్చి ఏలూరులో కలుసుకొన్నవి. కాలువ మీద లస్కరు చేసే పని ఏమిటి? నీటిమట్టం చూడడం, షట్టరు దించడం, ఎత్తడం. కంప్రెసర్ ధ్వనికి చేసేది ఇదే. ధ్వని హద్దు దాటితే షట్టరు కొంచెం దించుతుంది, తగ్గితే ఎత్తుతుంది. మామూలు కంప్రెసర్ తన కాలువలోని మట్టాన్నే చూసుకొంటుంది. సైడ్‌చెయిన్ తగిలించినప్పుడు మాత్రం ఆ లస్కరు చూసేది పక్క కాలువ మట్టాన్ని, షట్టరు దించేది తన కాలువకు. పక్క కాలువలో పారేది మాట, తన కాలువలో పారేది సంగీతం అనుకొంటే విషయమంతా బోధపడుతుంది.

షట్టరు ఎంత వేగంగా దించాలి, ఎంత నిదానంగా ఎత్తాలి అన్నదే ఇందులోని అసలు విద్య. దించడంలో ఆలస్యమైతే మొదటి అక్షరం వాద్యాలలో మునిగిపోతుంది. గభాలున ఎత్తితే మాటకూ మాటకూ నడుమ సంగీతం ఎగసిపడి, ఉబ్బసం రోగి రొప్పినట్లు వినిపిస్తుంది. సంగీతం ఇట్లా తల వంచడాన్ని ఇంగ్లీషువారు డకింగ్ అంటారు. తల ముంచి లేచే కొల్లేటి బాతులను చూసినవారికి ఆ పేరు వింతగా తోచదు.

ఈ యంత్రాలు పుట్టడానికి ముఖ్యమైన కారణాలలో రేడియో ఒకటి. మీడియం వేవ్ తరంగం మీద ధ్వనిని నూటికి నూరు పాళ్లకు మించి ఎక్కిస్తే మాట పగిలిపోతుంది. అందుకు భయపడి మరీ తక్కువగా ఎక్కిస్తే దూరపు శ్రోతకు గరగర తప్ప మరేమీ వినిపించదు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రం ప్రారంభమైనది. అక్కడి నుండి ఏలూరు అరవై కిలోమీటర్లు, తాడేపల్లిగూడెం నూరు కిలోమీటర్లకు పైమాట. వేసవి సాయంకాలం మబ్బు పట్టి ఉరిమినప్పుడు కొల్లేటి లంకలో రేడియో ముందు కూర్చున్న వానికి మెల్లగా పలికిన మాట దక్కదు. స్టేషనులో ఒక మనిషి మీటరు ముల్లు మీద కన్ను, బిరడా మీద చేయి ఉంచి ఎడతెగక కాపలా కాయవలసి వచ్చేది. ఎంత జాగరూకుడైనా మనిషి చేయి హఠాత్తుగా పడే మృదంగ ఘాతాన్ని పట్టుకొనలేదు.

ఈ చిక్కును పరిష్కరించే ప్రయత్నాలు పాశ్చాత్య దేశాలలో అంతకు ముందే జరిగినవి. లండన్, న్యూయార్కుల నడుమ నడిచిన రేడియో టెలిఫోనులో 1932లోనే ధ్వనిని ఒక కొసన అదిమి, రెండవ కొసన విప్పే పరికరం పెట్టినారు. ఆకాశపు గరగరను ఓడించడమే దాని లక్ష్యం. 1937లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ ప్రసార కేంద్రాల కోసం 110-ఎ అనే యాంప్లిఫయరును తెచ్చినది. ధ్వని హద్దు మీరకుండా అది తానే అడ్డుపడేది. హాలీవుడ్‌లో మెట్రో గోల్డ్‌విన్ మేయర్ సంస్థ ధ్వనిశాఖ అధిపతి డగ్లస్ షియరర్‌కు మరొక బాధ ఉండేది. ఫిల్ము మీద అచ్చయిన ధ్వనిలో స, శ వంటి ఊష్మాక్షరాలు బుసకొట్టేవి. కంప్రెసర్‌కు మట్టం చూపే దారిలో ఆ బుసలను మాత్రమే ఎక్కువ చేసి చూపితే, అవి వచ్చినప్పుడే అది షట్టరు దించుతుంది. సైడ్‌చెయిన్‌కు తొలి రూపంగా 1930లలోని ఈ ఉపాయాన్నే చెబుతారు. దేనిని తగ్గించాలో దానినే చూడనక్కరలేదని తేలిన తరువాత, సంగీతాన్ని మాటకు కట్టివేయడం పెద్ద పని కాలేదు.

అయితే యంత్రానికి తెలిసినది మట్టం ఒక్కటే, అర్థం కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచి వేల ప్రాణాలను బలిగొన్నది. అటువంటి దినాలలో తుపాను హెచ్చరిక చదివే గొంతు కంటే వినవలసినది మరొకటి లేదు. కాని సైడ్‌చెయిన్‌కు హెచ్చరిక అని, సబ్బు ప్రకటన అని భేదం లేదు. ఏ గొంతు తీగను దానికి తగిలిస్తే ఆ గొంతు ముందు అది సంగీతాన్ని వంచుతుంది. కీర్తన చరణం నడుమ అమ్మకపు మాట జొరబడినా అంతే వినయంగా వంచుతుంది. అందుచేత తీగ తగిలించేవాని వివేకమే ఇక్కడ ప్రధానమని నా అభిప్రాయం. శ్రుతి వినిపించనంతగా తంబురాను అణగదొక్కిన ప్రసారాలు విన్నప్పుడెల్లా, ఆ యంత్రం మీద కాక దానిని అమర్చినవాని మీదనే నాకు కోపం వస్తుంది.

1990లలో ఫ్రెంచి నృత్యసంగీత కర్తలు ఈ తీగను గొంతుకు గాక పెద్ద డ్రమ్ముకు తగిలించినారు. డ్రమ్ము దెబ్బ పడినప్పుడెల్లా తక్కిన వాద్యాలన్నీ అణిగి, మరుక్షణం ఉబ్బి లేస్తాయి. ఇంజనీర్లు దోషమని దాచిన రొప్పు అక్కడ రుచి అయినది. ఆ పోకడ సముద్రాలు దాటి మన పెండ్లి ఊరేగింపులలో డీజే పెట్టెల దాకా వచ్చినది. ఇప్పుడు ఆ పాటలలో చాలచోట్ల డ్రమ్ము కోసం తప్పుకొంటున్నది గొంతే.