ముసవ్విర్ జంగ్ నుంచి మన సందూకు దాకా

మా కోడుమూరు వైపు పాత ముస్లిం ఇళ్లలో తస్వీరులు తక్కువ. దాదీలవి, నానీలవి అయితే మరీ తక్కువ. కొందరికి తస్వీరంటేనే పరహేజ్. మరికొందరికి, ఇంటి ఆడవాళ్ల ముఖాలు ఫిల్మ్ కడిగే పరాయి మనిషి చేతిలో పడటం ఇష్టం లేదు.

ఈ మసలా కొత్తది కాదు. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ దర్బారు ఫోటోగ్రాఫర్ లాలా దీన్ దయాళ్. ‘ముసవ్విర్ జంగ్’ ఖితాబు ఆయనదే. 1892లో ఆయన హైదరాబాద్‌లో ఆడవాళ్ల కోసమే జనానా స్టూడియో తెరిచి, దాన్ని ఒక ఆంగ్ల మహిళకు అప్పగించారు. అంటే పర్దానీ వదల్లేదు, తస్వీరునీ వదల్లేదు. కెమెరా వెనక ఎవరుండాలన్నదే మార్చారు.

ఆయన గాజు నెగెటివ్‌లు 2,857 దాకా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రానికి చేరాయి. ప్రింట్ నకలు, నెగెటివే అసలు. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచాక ఈ మాట విలువ మనకు ఇంకా బాగా తెలిసింది. నీళ్లలో ఆల్బమ్ పోయినా, వేరేచోట సందూకులో నెగెటివ్ ఉంటే ఆ ముఖం మిగిలినట్టే.

కలర్ నెగెటివ్ నారింజ రంగులో ఎందుకుంటుంది? ఫిల్మ్‌లోని రంగులు పూర్తిగా ఖాలిస్ కావు. ఆ లోపాన్ని సరిదిద్దడానికి కంపెనీలే కలిపిన ముసుగు అది. అందుకే ఫోన్‌లో ఉత్తగా తిరగేస్తే ముఖాలు నీలంగా వస్తాయి. డార్క్‌టేబుల్ అనే ముఫ్త్ సాఫ్ట్‌వేర్‌లో 2020లో ‘నెగడాక్టర్’ చేరింది. ఫిల్మ్ అంచున వెలుగు తగలని భాగాన్ని చూపిస్తే, అది ముందు ముసుగు రంగు కొలుస్తుంది. ఆ తర్వాత ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటి సాంద్రతనూ విడివిడిగా లెక్కగట్టి తిరగేస్తుంది.

ఆల్బమ్‌లోని ప్రింటుకు నకలు తీయాలంటే పద్ధతి వేరు. అదే వెలుగులో కలర్ చార్టును కూడా ఫోటో తీయాలి. చార్టులోని గళ్ల విలువలు ముందే కొలిచి ఉంటాయి. ఆర్గిల్ సీఎంఎస్ అనే ముఫ్త్ సాఫ్ట్‌వేర్ వాటితో పోల్చి, కెమెరా ఎక్కడ తప్పు చూసిందో తేలుస్తుంది.

కానీ షాదీ రాత్రి తీసిన నెగెటివ్‌లో చార్ట్ ఎక్కడుంటుంది? ఏళ్లు గడిచేకొద్దీ రంగులన్నీ సమానంగా వాడిపోవు కూడా. దుల్హన్ జోడా సుర్ఖా, గులాబీయా? సాఫ్ట్‌వేర్ అందాజా వేస్తుందే కానీ గవాహీ ఇవ్వలేదు. దూల్హే టోపీ తెలుపును ఆధారంగా తీసుకోవచ్చు, అదీ ఆ రాత్రి దీపాల రంగులో తడిసిన తెలుపే. అసలు గవాహ్ ఆ రోజు మెహెందీ పెట్టిన ఖాలా, జోడా కుట్టిన ఫుప్పూ.

కనుక ఇంట్లో చదువుకున్న బేటీకి ఈ హునర్ నేర్పండి. నానీ ముఖం గడప దాటక్కర్లేదు. లాప్‌టాప్ తెరిచేటప్పుడు ఖాలాను పక్కన కూర్చోబెట్టుకోండి. ఆమె చెప్పిన రంగునూ, సందర్భాన్నీ, పేర్లనూ ఫైలుతోపాటే రాసి పెట్టండి. నెగెటివ్ ఇంకో ఇరవై ఏళ్లు ఆగుతుందేమో. ఖాలా యాద్‌దాష్త్‌కు అంత మోహలత్ లేదు.