కుటుంబ సైకిళ్లను కారులో తీసుకెళ్లడం ఎలా? సాలువా నుంచి సిక్కోలు దాకా

ఖరగ్‌పూర్ శివారులోని సాలువాలో ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ ప్రధాన కేంద్రం ఉంది. పక్కనే ఉన్న రైల్వే పట్టణంలో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచీ ఉత్తరాంధ్ర కుటుంబాలు స్థిరపడ్డాయి. బదిలీ అయినా, పదవీ విరమణ చేసి సొంతూరు చేరుతున్నా, వేసవి సెలవులకు తాతగారింటికి బయల్దేరినా ఇంట్లో ఒకే ప్రశ్న: పిల్లల సైకిళ్ల సంగతేంటి? జాతీయ రహదారి 16 మీదుగా శ్రీకాకుళం సుమారు 650 కి.మీ. బేల్దా వరకు తాళ్లతో కట్టుకుని వెళ్లినట్టు అంత దూరం వెళ్లలేం.

మొదట తేల్చుకోవాల్సింది ఒక్కటే. సైకిల్ కోసం ఎవరి సీటూ, ఎవరి బెల్టూ పోకూడదు. మిగతా లెక్కలన్నీ ఆ తర్వాతే.

లోపలే పెట్టాలంటే

ఒకటి రెండు సైకిళ్లకు ఇదే మేలు. దొంగల భయం ఉండదు, వానకు తడవవు. అయితే చాలా చిన్న కార్లలో వెనక సీటు మొత్తం ఒకేసారి మడత పడుతుంది. అప్పుడు పిల్లలకు చోటే ఉండదు. సీటు 60:40గా విడివిడిగా మడిచే కారైతే 40 భాగం మడవండి, ఇద్దరికి చోటు మిగులుతుంది. 14 ఏళ్లలోపు పిల్లలను బెల్టు లేకుండా కూర్చోబెడితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 194బి ప్రకారం జరిమానా 1,000 రూపాయలు. జరిమానా కంటే పెద్ద భయం వేరే ఉంది. గట్టిగా బ్రేకు వేస్తే వదులుగా ఉన్న సైకిల్ ముందుకు దూసుకొచ్చి పిల్లలకే తగులుతుంది. అందుకే లోపలి సైకిల్‌నూ కొక్కేలకు పట్టీలతో బిగించాలి.

డిక్కీ తలుపు సగం తెరిచి తాడుతో కట్టి నడపడం చాలామందికి అలవాటు. అలా చేస్తే పొగగొట్టం నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ లోపలికి చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ఏసీ వేసుకుని నిద్రపోయే పిల్లలకు అది ప్రాణాంతకం.

విప్పే పద్ధతి

ముందు చక్రం, పెడళ్లు విప్పి, సీటు దించి, హ్యాండిల్ పక్కకు తిప్పితే సైకిల్ సగం చోటులో సర్దుకుంటుంది. చాలా సైకిళ్ల చక్రం నట్లకు 15 నంబరు పానా సరిపోతుంది. ఎడమ పెడల్‌కు మర తిరగేసి ఉంటుంది. దాన్ని విప్పాలంటే గడియారం ముల్లు తిరిగే వైపు తిప్పాలి. ఇది తెలియక బలంగా తిప్పి మర పాడుచేసుకునేవాళ్లు ఎక్కువ. డిస్క్ బ్రేకు ఉంటే చక్రం తీశాక ప్యాడ్ల మధ్య మడిచిన అట్టముక్క పెట్టండి. అది లేకుండా పొరపాటున లివర్ నొక్కితే ప్యాడ్లు అతుక్కుపోతాయి. చైను ఉన్న వైపు పైకి ఉండేలా పడుకోబెట్టి పాత దుప్పటి చుట్టాలి. విప్పిన నట్లన్నీ ఒకే సంచిలో వేయండి.

పైన, వెనక

టాప్ మీద ర్యాక్ పెట్టాలంటే ముందు కారు మాన్యువల్ చూడాలి. పైకప్పు మోయగల బరువు అందులో ఉంటుంది. ర్యాక్ బరువూ ఆ లెక్కలోదే. కొన్ని కార్ల రూఫ్ రెయిల్స్ అలంకారానికే తప్ప బరువు మోయవు. పాత ఉక్కు సైకిల్ ఒక్కటే 20 కిలోలకు అటూ ఇటూ తూగుతుంది. నిలబెట్టి బిగిస్తే మొత్తం ఎత్తు రెండున్నర మీటర్లు దాటుతుంది. మాల్ సెల్లార్ దగ్గరో, ఎత్తు కమ్మీ ఉన్న దారిలోనో ఆ సంగతి మరిచిపోతే సైకిలూ పోతుంది, టాపూ పోతుంది. డ్యాష్‌బోర్డు మీద ఎత్తు రాసి అంటించుకోండి.

వెనక డిక్కీకి పట్టీలతో తగిలించే స్టాండు చవక, ఎత్తడమూ సులువు. కానీ నంబరు ప్లేటు, బ్రేకు లైట్లు, ఇండికేటర్లు కనిపించాలి. ఏ ర్యాక్ అయినా సైకిల్ కారు పక్కలకు పొడుచుకు రాకూడదు. పరిమితికి మించి సరుకు బయటికి వస్తే 2019 సవరణ తర్వాత సెక్షన్ 194(1ఎ) కింద జరిమానా 20,000 రూపాయలు, దింపించే ఖర్చు అదనం.

దారిలో

రబ్బరు తాళ్లను నమ్మొద్దు, అవి సాగుతాయి. బిగింపు బకిల్ ఉన్న పట్టీలు వాడండి. మొదటి 20 కి.మీ. తర్వాత ఆగి చూడండి, అప్పటికే కొంత వదులవుతాయి. ఆ తర్వాత టీకి ఆగినప్పుడల్లా చేత్తో కుదిపి చూస్తే చాలు. సైకిళ్లు బయట ఉంటే గాలి ఒత్తిడి పెరిగి పెట్రోలు ఎక్కువ తాగుతుంది. వేగం తగ్గించడం అన్నిటికీ మంచిది. బ్యాటరీ సైకిల్ అయితే బ్యాటరీ తీసి లోపల పెట్టాలి.

మూడు దాటితే రైలే

సైకిళ్లు మూడో నాలుగో ఉంటే, పెద్దవాళ్లవీ అందులో ఉంటే రైల్వే పట్టణంలో ఉన్న సౌకర్యం వాడుకోవడమే తెలివి. టికెట్‌తో పాటు లగేజీగా గానీ, విడిగా పార్సిల్‌గా గానీ ఖరగ్‌పూర్‌లో బుక్ చేయవచ్చు. ఉచిత లగేజీ పరిమితి సైకిల్‌కు వర్తించదు, వేరే ఛార్జీ ఉంటుంది. రైలు కొద్దిసేపే ఆగే స్టేషన్లకు తీసుకోకపోవచ్చు. దించాల్సిన స్టేషన్ పేరు చెప్పి పార్సిల్ ఆఫీసులో ముందే అడగండి. అట్ట, గోనెపట్టా చుట్టి, పేరు, ఫోన్ నంబరు రెండు చోట్ల రాయండి.

సైకిల్ రెండు రోజులు ఆలస్యంగా చేరినా పిల్లలు అలుగుతారు, అంతే. దానికోసం వాళ్ల బెల్టు తీసేయాల్సిన అవసరం లేదు.