గాజుపై కణత్వచం.. పారే పొరకు గట్లు వేసేదెలా?

మన శరీరంలోని ప్రతి కణం చుట్టూ ఓ పల్చటి పొర ఉంటుంది. దాన్నే కణత్వచం అంటారు. మందం సుమారు 5 నానోమీటర్లు మాత్రమే. లిపిడ్లు అనే కొవ్వు అణువులు రెండు వరుసలుగా, తోకలు లోపలికి, తలలు నీటివైపు పెట్టుకుని నిలబడితే ఈ పొర తయారవుతుంది. ఇది రెండు వరుసల పొర అని 1925లో నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు గోర్టర్, గ్రెండెల్ ప్రతిపాదించారు.

గాజుపైకి ఎందుకు తెచ్చారు?

బతికున్న కణంలో వేల రకాల ప్రోటీన్లు ఉంటాయి. ఏది ఏం చేస్తుందో విడదీసి చూడటం కష్టం. అందుకే స్టాన్‌ఫర్డ్‌లో టామ్, మెకానెల్ గాజు లాంటి గట్టి ఉపరితలంపై ఇలాంటి పొరను పరిచి, 1985లో ఆ వివరాలు వెల్లడించారు. పొరకు, గాజుకు మధ్య పల్చటి నీటి పొర ఉంటుంది. కాబట్టి పొర అతుక్కుపోదు. అందులోని అణువులు సెకనులో కొన్ని మైక్రోమీటర్ల దూరం జారిపోతూనే ఉంటాయి.

అసలు చిక్కు ఇక్కడే. ఇలా పారేదానిపై బొమ్మ గీస్తే చెరిగిపోతుంది కదా!

గట్లే పరిష్కారం

పొలంలో నీళ్లు ఆపడానికి మడులకు గట్లు వేస్తాం. ఇక్కడా అంతే. స్టాన్‌ఫర్డ్‌లోనే గ్రోవ్స్, ఉల్మన్, బాక్సర్ 1997లో ఈ పద్ధతిని ప్రకటించారు. కంప్యూటర్ చిప్‌ల తయారీలో వాడే ఫోటోలిథోగ్రఫీతో ముందుగా ఉపరితలంపై సన్నటి గీతలు వేస్తారు. తర్వాత నీటిలో కలిపిన లిపిడ్ బుడగలు పోస్తారు. అవి గాజుకు తగిలి పగిలి, పొరగా పరుచుకుంటాయి. గీత దగ్గర ఆగిపోతాయి. మడి లోపల అణువులు స్వేచ్ఛగా తిరుగుతాయి, పక్క మడిలోకి మాత్రం వెళ్లలేవు.

రబ్బరు లాంటి ముద్రతో అద్ది పొరను ముక్కలు చేసే పద్ధతి కూడా ఉంది. ఒకదానిపై ఒకటిగా పలు పొరలు కావాలంటే, సూది మొనకు లిపిడ్‌ను సిరాలా అద్ది రాస్తారు. దీన్ని డిప్-పెన్ లిథోగ్రఫీ అంటారు. గాలిలో తేమను మార్చి ఎన్ని పొరలు పడాలో అదుపు చేయొచ్చు.

పొర పారుతోందని ఎలా తెలుస్తుంది?

మెరిసే రంగు కలిపిన పొరపై లేజర్‌తో ఒక చుక్కను మసకబారుస్తారు. కాసేపటికి ఆ చుక్క మళ్లీ వెలిగితే పొర పారుతున్నట్టే. మొత్తం మడిని మసకబారిస్తే మాత్రం అది అలాగే ఉండిపోతుంది. అంటే గట్టు పని చేస్తోందన్నమాట.

ప్రయోజనం ఏంటి?

రోగనిరోధక టి-కణం శత్రువును గుర్తించినప్పుడు దాని రిసెప్టర్లు, అంటే సంకేతం అందుకునే ప్రోటీన్లు, మధ్యకు చేరతాయి. 2005లో పరిశోధకులు క్రోమియం గట్లతో వాటిని అంచుల్లోనే ఆపేశారు. అప్పుడు సంకేతాలు ఎక్కువసేపు కొనసాగాయి. ఏ అణువు ఉందనేదే కాదు, ఎక్కడ ఉందనేది కూడా ముఖ్యమని దీంతో తేలింది.

పరిమితులూ ఉన్నాయి. మామూలుగా ఈ పొర నీళ్లలోంచి తీసి గాలికి తగిలితే పాడైపోతుంది. పొరను దాటి బయటకు పొడుచుకొచ్చే ప్రోటీన్లు గాజుకు తగిలి కదలకుండా ఆగిపోతాయి. అందుకే కింద మెత్తటి పాలిమర్ పరుపు వేసే పద్ధతిని కూడా వాడుతున్నారు.