పొగగొట్టం నుంచి నెత్తురులోకి

1921లో అమెరికాలోని డేటన్‌లో జనరల్ మోటార్స్ ఇంజనీరు థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ అనే సీసం సమ్మేళనం కాస్త కలిపి చూశాడు. ఇంజను లోపల టకటకమని కొట్టుకోవడం (నాకింగ్) ఆగిపోయింది. 1923లో అమ్మకం మొదలైంది. సరుకు పేరు ‘ఇథైల్’. సీసం విషమని వేల ఏళ్లుగా తెలుసు కాబట్టి ఆ మాటను పేరులోకి రానివ్వలేదు.

1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ రసాయనం తయారుచేసే ఐదుగురు కార్మికులు మతి చలించి చనిపోయారు. మిడ్జ్‌లీ విలేకరుల ముందు దానితో చేతులు కడుక్కుని, ఏమీ కాదన్నాడు. 1925లో ప్రభుత్వం పిలిచిన సమావేశంలో ఆలిస్ హామిల్టన్, యాండెల్ హెండర్సన్ వంటి ఆరోగ్య నిపుణులు అసలు భయం ఫ్యాక్టరీ గురించి కాదు, వీధి గురించి అన్నారు. హాని రుజువు చేయండి, అప్పుడు చూద్దామన్నది కంపెనీల వాదన. అదే నెగ్గింది. ఆ తర్వాత నలభై ఏళ్లు ఈ విషయంలో అందరూ నమ్మిన నిపుణుడు డాక్టర్ రాబర్ట్ కెహో. ఆయన పరిశోధనకు డబ్బిచ్చింది ఆ కంపెనీలే. మనిషి ఒంట్లో సీసం ఉండటం సహజమేనని ఆయన చెబుతూ వచ్చాడు.

ఆ మాటను కూలదోసినవాడు వైద్యుడు కాదు. ఉల్కల్లోని సీసాన్ని కొలిచి భూమి వయసు 455 కోట్ల ఏళ్లని తేల్చిన క్లెయిర్ ప్యాటర్సన్. ఆ పనిలో ఉండగా గాలి, దుమ్ము, చర్మం, దేన్ని ముట్టినా సీసమే తగిలేది. దాన్ని వదిలించుకోవడానికి ప్రత్యేకంగా శుభ్రమైన ప్రయోగశాలే కట్టుకున్నాడు. సీసం సోకనివాళ్లుగా కెహో పోలికకు తీసుకున్న మనుషుల ఒంట్లోనూ సీసం చేరే ఉందని, అమెరికన్ల శరీరంలో ఉన్నది సహజ స్థాయికి దాదాపు వంద రెట్లని 1965లో రాశాడు. 1979లో వైద్యుడు హెర్బర్ట్ నీడిల్‌మన్ పిల్లల పాలపళ్లలోని సీసాన్ని కొలిచి, అది ఎక్కువున్నవాళ్లు తెలివితేటల పరీక్షల్లో వెనకబడుతున్నారని చూపించాడు.

అయితే అమెరికాలో 1975 నాటి కార్లకు సీసం లేని పెట్రోలు రావడానికి పెద్ద కారణం పిల్లలు కారు. పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను సీసం పాడుచేస్తుంది. మనిషి కన్నా ముందు యంత్రం మొర ఆలకించారన్నమాట! ఏదైతేనేం, అమెరికన్ల రక్తంలో సగటు సీసం 1976-80లో డెసిలీటరుకు 12.8 మైక్రోగ్రాములు ఉంటే, 1988-91 నాటికి 2.8కి పడిపోయింది.

మన దేశంలో న్యాయవాది ఎం.సి. మెహతా సుప్రీంకోర్టులో వేసిన పిటిషన్ల ఒత్తిడితో 1995 ఏప్రిల్‌లో నాలుగు మహానగరాల్లో కన్వర్టర్ ఉన్న కొత్త కార్ల కోసం సీసం లేని పెట్రోలు వచ్చింది. హైదరాబాద్ ఆ నాలుగింటిలో లేదు. 1999లో జార్జ్ ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థ హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో పరీక్షలు చేస్తే, సగానికి పైగా పిల్లల రక్తంలో సీసం అప్పటి ప్రమాద రేఖ డెసిలీటరుకు 10 మైక్రోగ్రాములను దాటింది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం పెట్రోలు ఆగింది. కార్లకు ఆ పెట్రోలు అమ్మిన చివరి దేశం అల్జీరియా, 2021లో మానేసింది.

సీసం తీసేశాక ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) తగ్గకుండా కొన్నిచోట్ల బెంజీన్ జాతి పదార్థాల పాళ్లు పెంచారు. బెంజీన్ రక్త క్యాన్సర్ తెస్తుంది. అందుకే మన దేశపు కాలుష్య ప్రమాణం బీఎస్-6 ప్రకారం పెట్రోలులో అది 1 శాతం మించకూడదు. ఆ కాస్త బెంజీన్ పొగలోనే కాదు, బంకులో ట్యాంకు మూత తీసినప్పుడు వచ్చే ఆవిరిలోనూ ఉంటుంది.