నల్లరంగు తెచ్చిన అనుమానం

1887లో వెలువడిన షెర్లాక్ హోమ్స్ తొలి నవలలో కథానాయకుడు మొదట కనిపించేది ప్రయోగశాలలోనే. రక్తపు మరకను గుర్తించే కొత్త పద్ధతి దొరికిందన్న సంబరంలో, పాత గ్వాయకం పరీక్ష మోటుదనీ నమ్మరానిదనీ తీసిపారేస్తాడు. హోమ్స్ కొట్టిపారేసిన ఆ పరీక్షే ఆ తర్వాత నూరేళ్ళూ ఆసుపత్రులలో నిలిచింది.

గ్వాయకం కరీబియన్ దీవుల చెట్టు. పదహారవ శతాబ్దపు యూరప్ దాని కర్రను సిఫిలిస్‌కు దివ్యౌషధమని నమ్మింది. రోగం కుదరలేదు గాని, చెట్టు బంక వైద్యుల అలమరలో మిగిలిపోయింది. రక్తంలోని హీమ్ తోడైతే పెరాక్సైడ్ ఆ బంకను నీలంగా మారుస్తుందని 1860లలో డచ్ శాస్త్రజ్ఞుడు వాన్ డీన్ కాలం నుంచి తెలుసు. 1901లో బెర్లిన్ వైద్యుడు ఇస్మార్ బోయాస్, మలంలో కంటికి కనబడని రక్తం జీర్ణకోశపు కాన్సర్‌కు ఆనవాలు కావచ్చునని చూపాడు. (యూదుడైన బోయాస్ 1938లో, నాజీలు వియన్నాను ఆక్రమించిన రోజులలోనే, ఆ నగరంలో ఆత్మహత్య చేసుకున్నాడు.) 1967లో ఒహాయో వైద్యుడు డేవిడ్ గ్రీగర్, ఏ బాధా లేనివారిలో కాన్సర్‌ను పసిగట్టడానికి బంక పట్టించిన కాగితాన్ని వాడి, పరీక్షను రోగి ఇంటికి చేర్చాడు.

ఇక ఇనుము సంగతి. మాత్రలు వేసుకుంటే మలం నల్లబడుతుంది; కడుపులో రక్తం కారినా నల్లబడుతుంది. అనుమానానికి ఈ పోలికే చాలు. పైగా గాజు నాళికలో ఇనుప లవణాలు బంకను నీలంగా మార్చిన మాట నిజమే. 1982లో ఒక అధ్యయనం మాత్రలు మింగినవారిలోనూ తప్పుడు ఫలితాలు చూపింది. అయితే నాళికలోని ఆ చర్యకు ఆమ్లగుణం కావాలి. మలంలో సాధారణంగా అంతటి ఆమ్లత ఉండదు. తర్వాతి సంవత్సరాలలో స్వచ్ఛంద సేవకుల మీద జరిగిన అధ్యయనాలు ఇనుమును దాదాపు నిర్దోషిగా తేల్చాయి. ముదురాకుపచ్చ మలాన్ని నీలమని పొరబడటం కూడా కొన్ని తప్పులకు కారణం.

ఇది ప్రయోగశాల తగాదాగా మిగిలిపోయే విషయం కాదు. ఇనుము మాత్ర వేసుకునేది రక్తహీనత ఉన్నవారే. ఆ హీనతకు పేగులోని కణితి నుంచి కారే రక్తమే మూలం కావచ్చు. పరీక్షలో నీలం కనిపించినప్పుడు "మాత్ర వల్లనే" అని పక్కన పెడితే, కణితికి గడువిచ్చినట్టే.

నిజంగా పరీక్షను మోసగించగలది విటమిన్ సి. అది ఆక్సీకరణను అడ్డుకొని, రక్తం ఉన్నా నీలాన్ని రానివ్వదని 1975లోనే వెల్లడైంది. రోజుకు 250 మిల్లీగ్రాములు మించవద్దని పరీక్ష సూచనలలో రాస్తారు. ఇనుము బాగా ఒంటబట్టాలని వైద్యులు తరచుగా జతచేసేది ఆ విటమిన్‌నే. మనిషి గ్లోబిన్‌ను మాత్రమే పట్టుకునే నేటి యాంటీబాడీ పరీక్షకు ఈ రెండింటితోనూ పేచీ లేదు.