నొప్పికి మందు – మందుకు చట్టం

ప్రత్యేక సంచికకు ఆరోగ్య విషయం మీద ఒక వ్యాసం రాయమని కార్యదర్శి గారు కోరారు. బి.పి., షుగరు గురించి డాక్టర్లే చక్కగా రాస్తున్నారు. అందుచేత మన పెన్షనర్లు గొంతు తగ్గించి మాట్లాడుకునే ఒక సంగతిని చరిత్ర వైపు నుంచి మనవి చేస్తాను. తీరని నొప్పికి గంజాయి పనిచేస్తుందట, విదేశాల్లో డాక్టర్లే రాసిస్తున్నారట, ఇక్కడైతే జైల్లో పెడతారట! ఈ మూడు 'అట'లలో నిజమెంతో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

గంజాయి మనకు కొత్త వస్తువు కాదు. మొక్క ఒకటే. ఆకు భంగు అవుతుంది, పూత గంజాయి, జిగురు చరసు. ఆయుర్వేదంలో దీన్ని 'విజయ' అన్నారు. జీర్ణం కాకముందే ఒళ్ళంతా పాకే ద్రవ్యాలకు ఉదాహరణగా శార్ఙ్గధర సంహిత భంగును, నల్లమందును చెప్పింది.

దీన్ని పాశ్చాత్య వైద్యానికి పరిచయం చేసినవాడు విలియం బ్రూక్ ఓషానసీ అనే ఐర్లండు డాక్టరు. ఈస్టిండియా కంపెనీ కొలువులో 1833లో కలకత్తా వచ్చి, అక్కడి మెడికల్ కాలేజీలో రసాయన శాస్త్రం బోధించాడు. తరువాతి కాలంలో మన దేశంలో తంతి తీగలు వేయించినవాడు కూడా ఈయనే. దేశీయ వైద్యులను అడిగి తెలుసుకుని, ముందు జంతువుల మీద పరీక్షించి, ఆపైన కీళ్ళవాతం, ధనుర్వాతం, కలరా రోగులకు గంజాయి సారం ఇచ్చి, ఆ ఫలితాలను 1839లో ప్రకటించాడు. కీళ్ళవాతం రోగి ఒకడు మందు పడిన రెండు గంటలకు గలగలా మాట్లాడి, పాటలు పాడి, నిద్రలో పడ్డాడు. కాసేపటికి అతని చెయ్యి ఎత్తి ఎటు పెడితే అటే ఉండిపోయింది. డాక్టరు గారు హడలిపోయాడు. తరువాత రోగి లేచాడు, నొప్పి తగ్గింది. ఒకే మందులో మేలూ భయమూ కలిసే ఉన్నాయని మొదటి రోజే తెలిసిందన్నమాట.

అక్కడి నుంచి గంజాయి టింక్చరు రూపంలో ఇంగ్లండు మందుల షాపులకెక్కింది. విక్టోరియా రాణి వైద్యులలో ఒకరైన రసెల్ రేనాల్డ్స్ తన ముప్ఫై ఏళ్ళ అనుభవాన్ని 1890లో లాన్సెట్ పత్రికలో రాస్తూ, కొన్ని రకాల నొప్పులకు అది మంచి మందేనన్నాడు. రాణి గారు కూడా పుచ్చుకున్నారనే కథకు మాత్రం ఆధారం లేదు.

మరి అంత పేరున్న మందు ఎందుకు పోయింది? చట్టం రాకముందే దాని లోపమే దాన్ని దెబ్బతీసింది. ఒక సీసా ఏమీ పనిచేయదు, అదే కొలతలో ఇంకో సీసా మనిషిని మత్తులో ముంచేస్తుంది. నీటిలో కరగదు కనుక సూది మందుగా పనికిరాదు. ఈలోగా సూదితో మార్ఫిన్ వచ్చింది, 1899లో ఆస్పిరిన్ వచ్చింది. 1932లో బ్రిటిష్ ఫార్మకోపియా నుంచి గంజాయిని తొలగించారు.

ఇక సర్కారు ఫైలు సంగతి. గంజాయి వల్ల భారతీయులకు పిచ్చెక్కుతోందని బ్రిటిష్ పార్లమెంటులో గొడవ లేచి, 1893లో ఇండియన్ హెంప్ డ్రగ్స్ కమిషన్ వేశారు. ఏడుగురు సభ్యులు, అందులో ముగ్గురు మనవాళ్ళు. 1,193 మంది సాక్షులను విచారించి, మూడువేల పేజీలు దాటిన నివేదిక ఇచ్చారు. గుమాస్తాగిరీ చేసిన నాకు, ఆ సాక్ష్యాలన్నీ చేత్తో ఎక్కించిన రాతగాళ్ళ మీదనే ముందు జాలి కలిగింది! మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, పూర్తి నిషేధం అవసరం లేదు, లైసెన్సు, పన్నులతో అదుపు చేస్తే చాలునని వారు తేల్చారు. మందుగా వాడకం గురించీ నివేదికలో రాశారు గాని, ఫైలు చివరికి ఆబ్కారీ ఆదాయం కిందనే నడిచింది.

స్వాతంత్ర్యం వచ్చాక 1961లో మాదక ద్రవ్యాల మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. వైద్యానికి కాని వాడకాన్ని ఆపడానికి 25 ఏళ్ళ గడువు ఇచ్చారు. ఆ గడువు దగ్గర పడుతుండగా మన పార్లమెంటు ఎన్.డి.పి.ఎస్. చట్టం చేసింది. అది 1985 నవంబరు 14న అమలులోకి వచ్చింది. పూత, జిగురు నిషిద్ధమయ్యాయి. ఆకు మాత్రం ఆ నిర్వచనంలోకి రాలేదు. అందుకే భంగు సంగతి రాష్ట్రాల చేతిలో ఉంది. లైసెన్సు పొందిన కొన్ని ఆయుర్వేద మందులలో ఆ ఆకు ఇప్పటికీ వాడుతున్నారు.

అసలు కష్టం మరోచోట వచ్చింది. గంజాయి పోయినా, భరించరాని నొప్పికి మార్ఫిన్ ఉంది కదా అనుకుంటాం. నల్లమందు నుంచి తీసేది కనుక అది కూడా అదే చట్టం కిందకు వచ్చింది. ఒక్కో ఆసుపత్రికి నాలుగైదు లైసెన్సులు కావాలి, అన్నీ ఒకేసారి గడువులో ఉండాలి. ఒకటి వచ్చేసరికి ఇంకొకటి ముగిసేది. ఈ చిక్కు ఎటువంటిదో మనకంటే బాగా ఎవరికి తెలుసు? తప్పు జరిగితే కఠిన శిక్ష. మందుల షాపులవాళ్ళు నిల్వ పెట్టడమే మానేశారు. నల్లమందు పండించి ప్రపంచానికి పంపే దేశంలో, పుష్కర కాలంలో మార్ఫిన్ వైద్య వినియోగం తొంభై శాతానికి పైగా పడిపోయింది.

ఆ రోజుల్లోనే మా సెక్షను మిత్రుడొకరికి ఎముకలకు పాకిన కాన్సరు. కొడుకు చీటీ పట్టుకుని ఊళ్ళో మందుల షాపులన్నీ తిరిగాడు, ఎక్కడా దొరకలేదు. చివరికి ఎవరో గంజాయి పొట్లం తెచ్చి ఇచ్చారు. దానితో నొప్పి తగ్గిందో లేదో గాని, కళ్ళు తిరిగి మంచం మీది నుంచి పడ్డాడు. నలభై ఏళ్ళు సర్కారు నిబంధనలు తప్పని మనిషి, ఆఖరి నెలలో పోలీసులకు భయపడుతూ గడిపాడు.

కేరళ డాక్టర్లు ఈ దుస్థితి మీద పట్టుబట్టారు. డాక్టరు ఎం.ఆర్. రాజగోపాల్ గారు, సహచరులు 1993లో కోళికోడులో నొప్పి నివారణ సంఘం పెట్టి, పల్లెల దాకా సేవ తీసుకెళ్ళారు, ఢిల్లీ చుట్టూ తిరిగారు. 2014లో చట్టం సవరించారు. మార్ఫిన్‌తో సహా ఆరు మందులను అత్యవసర మందులుగా గుర్తించి, గుర్తింపు పొందిన ఆసుపత్రికి ఒకే అనుమతి చాలునన్నారు.

ఇప్పుడు మన మూడు 'అట'లకు జవాబు. పనిచేస్తుందా? అమెరికా జాతీయ అకాడమీలు 2017లో పెద్దలలో దీర్ఘకాలిక నొప్పికి ఉపయోగముందన్నాయి. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2021లో, సిఫారసు చేయడానికి తగిన ఆధారాలు లేవంది. పండితులే ఏకాభిప్రాయానికి రాలేదు. విదేశాల్లో రాసిస్తున్నారా? నిజమే. కాలిఫోర్నియా 1996లోనూ, బ్రిటన్ 2018లోనూ అనుమతించాయి. ఇక్కడ జైలా? గంజాయి కొద్ది మొత్తంలో దొరికినా ఏడాది దాకా శిక్ష పడవచ్చు. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి కమిషన్ గంజాయిని అతి ప్రమాదకర మందుల జాబితా నుంచి తీసినప్పుడు మన దేశం అనుకూలంగానే ఓటు వేసింది. అయినా ఇక్కడి చట్టం మారలేదు.

కాబట్టి సోదర పెన్షనర్లకు నా మనవి. ఎవరో ఇచ్చిన పొట్లం జోలికి పోవద్దు. ఓషానసీ నాడు ఉన్న చిక్కే నేడూ ఉంది, అందులో ఎంత బలముందో ఇచ్చినవాడికే తెలియదు. మన వయసులో కళ్ళు తిరిగి పడితే తుంటి ఎముక విరుగుతుంది. రక్తం పలుచనయ్యే వార్ఫరిన్ వంటి మందులు వాడేవారికి మరీ ప్రమాదం. అలాగని నొప్పిని కర్మ అనుకుని ఓర్చుకోనవసరమూ లేదు. హైదరాబాదు ఎం.ఎన్.జె. కాన్సరు ఆసుపత్రిలో నొప్పి నివారణకు ప్రత్యేక విభాగం ఉంది. మీ డాక్టరును "నొప్పికి ఏం చేస్తారు?" అని సూటిగా అడగండి. మీరు మొహమాటపడితే మీ పిల్లలను అడగమనండి. జీవితమంతా ఇతరుల అర్జీలు పైకి పంపాము. మన నొప్పికి ఒక అర్జీ పెట్టుకోవడానికి సిగ్గెందుకు?