సింపుల్ ప్రెజెంట్ వెనక వెయ్యేళ్లు

ఇంగ్లిష్ వ్యాకరణంలో పిల్లలకు మొదట చెప్పే కాలం సింపుల్ ప్రెజెంట్. కర్త హి, షి, ఇట్ అయితే క్రియ చివర ‘ఎస్’ చేర్చాలి. ప్రశ్న అడగాలన్నా, కాదని చెప్పాలన్నా డు, డజ్ తెచ్చుకోవాలి. ఈ క్షణాన జరుగుతున్న పనికి మాత్రం ఈ రూపం పనికిరాదు. పేరులో వర్తమానం ఉండి ‘ఇప్పుడు’ను చెప్పలేకపోవడం విచిత్రమే. అయితే వెయ్యేళ్ల కిందట దక్షిణ ఇంగ్లండ్‌లో రాసిన భాషలో ఈ నియమాల్లో ఒక్కటీ లేదు.

ఆనాటి ఇంగ్లిష్ క్రియకు ఉన్నవి రెండే కాలాలు: జరిగిపోయినది, జరిగిపోనిది. ఇవాళ్టి పనికీ, రోజూ చేసే పనికీ, రేపటి పనికీ రెండో రూపమే సరిపోయేది. తెలుగులో పాడతాను, పాడతావు, పాడతాడు అన్నట్టే అక్కడా కర్తను బట్టి క్రియ చివర మారేది: నేను అయితే సింగె, నువ్వు అయితే సింగెస్ట్, అతడు అయితే సింగెథ్, మేము అయితే సింగథ్. శతాబ్దాలు గడిచేకొద్దీ ఈ ప్రత్యయాలు అరిగిపోయాయి. ‘నువ్వు’ అనే అర్థంలో ఉన్న దౌ వాడుక తప్పిపోవడంతో దాని వెంటే ‘ఎస్ట్’ కూడా పోయింది. చివరికి మిగిలింది థర్డ్ పర్సన్ సింగులర్ ఒక్కటే.

అదీ పాత రూపంలో మిగల్లేదు. దక్షిణాన ‘థ్’ పలుకుతున్న రోజుల్లోనే ఉత్తరాన నార్తంబ్రియాలో ‘ఎస్’ వినిపించేది. పదో శతాబ్దంలో ఆల్డ్రెడ్ అనే మతగురువు లిండిస్ఫార్న్ సువార్తల లాటిన్ పాఠానికి వరసల మధ్య రాసిన ఇంగ్లిష్ అర్థాల్లో ఈ ‘ఎస్’ రూపాలు కనిపిస్తాయి. లండన్ వాళ్ల చెవికి అది చాలాకాలం మోటుగానే వినిపించింది. పద్నాలుగో శతాబ్దం చివర కవి ఛాసర్ తన ‘రీవ్స్ టేల్’లో ఇద్దరు కేంబ్రిడ్జ్ విద్యార్థుల చేత ఉత్తరాది యాసలో మాట్లాడించాడు, నవ్వు పుట్టించడానికి వాడుకున్న గుర్తుల్లో ఈ ‘ఎస్’ ఒకటి. రెండు శతాబ్దాలు తిరిగేసరికి అదే ‘ఎస్’ లండన్ మాటలోకి వచ్చి కూర్చుంది. షేక్‌స్పియర్ రెండు రూపాలనూ వాడాడు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్ గంభీరత కోసం ‘ఎథ్’నే పట్టుకుంది. కానీ 1643లో రిచర్డ్ హాడ్జెస్ అనే ఉపాధ్యాయుడు స్పెల్లింగ్ మీద రాసిన పుస్తకంలో అసలు సంగతి చెప్పేశాడు: జనం ‘ఎథ్’ అని రాస్తారు గానీ ‘ఎస్’ అనే పలుకుతారు. హాథ్, డోథ్ మాత్రం మరికొంతకాలం మొండిగా నిలిచాయి.

డు, డజ్‌లది తర్వాతి కథ. ‘ఐ నో నాట్’ అంటే ఒకప్పుడు ఎవరికీ తప్పుగా తోచేది కాదు. క్రియను కర్తకు ముందు పెడితే ప్రశ్న అయిపోయేది. పదహారో శతాబ్దంలో ‘డు’ విపరీతంగా పెరిగి, మామూలు వాక్యాల్లోకి కూడా చొరబడింది. తర్వాత అక్కడ తగ్గి, ప్రశ్నల్లోనూ వ్యతిరేక వాక్యాల్లోనూ స్థిరపడింది. 1755లో శామ్యూల్ జాన్సన్ తన నిఘంటువు ముందు చేర్చిన వ్యాకరణంలో, అవసరం లేనిచోట ‘డు’ చేర్చడం చెడ్డ వాడుక అని తేల్చేశాడు. నొక్కి చెప్పడానికి వాడే ‘డు’ నేటికీ ఉంది.

అన్నిటికంటే పెద్ద మార్పు అర్థంలో వచ్చింది. హామ్లెట్ నాటకంలో పుస్తకం పట్టుకుని వస్తున్న రాకుమారుణ్ణి మంత్రి పొలోనియస్ ఏం చదువుతున్నారని అడుగుతాడు. ఆ ప్రశ్నను షేక్‌స్పియర్ సింపుల్ ప్రెజెంట్‌లోనే రాశాడు. ఇవాళ అలా అడిగితే మామూలుగా ఎలాంటి పుస్తకాలు చదువుతుంటారు అన్న అర్థం వస్తుంది. ‘ఇంగ్’ రూపం అప్పటికే భాషలో ఉన్నా దాని వాడకం తప్పనిసరి కాదు. పదిహేడు, పద్దెనిమిది శతాబ్దాల్లో అది బలపడి, నడుస్తున్న పనిని పూర్తిగా తన వశం చేసుకుంది. 1762లో రాబర్ట్ లౌత్ తన వ్యాకరణంలో సింపుల్ ప్రెజెంట్‌ను అనిశ్చిత కాలం కింద చేర్చాడు. ‘సింపుల్’ కంటే ఆ పేరే దీని పనికి దగ్గర. మన బడుల్లో చాలాకాలం వినిపించిన ‘ప్రెజెంట్ ఇండెఫినిట్’ కూడా అదే మాట.

ఇలా కుంచించుకుపోయాక సింపుల్ ప్రెజెంట్‌కు మిగిలినవి అలవాట్లు, ఎప్పటికీ నిలిచే సత్యాలు, రైళ్ల వేళలు, తెలియడం, నమ్మడం, ఇష్టపడడం వంటి స్థితులు. పోగొట్టుకున్న ‘ఇప్పుడు’ ఒకటి రెండు చోట్ల తిరిగి దక్కింది. వాటిలో ఆటల ప్రత్యక్ష వ్యాఖ్యానం ఒకటి. 1927 జనవరిలో బీబీసీ ఆర్సెనల్, షెఫీల్డ్ యునైటెడ్ జట్ల ఫుట్‌బాల్ ఆటను రేడియోలో వినిపించింది. అప్పటి నుంచీ ఇంగ్లిష్ వ్యాఖ్యాతల నోట ఈ రూపం నిత్యం వినిపిస్తూనే ఉంది. బంతి తన్నడం రెప్పపాటులో అయిపోతుంది. ‘తన్నుతున్నాడు’ అని సాగదీయడానికి అందులో నిడివే ఉండదు.

నడుస్తున్న పనికీ అలవాటుకూ ఉన్న ఈ తేడాను తెలుగు వ్యాకరణం ఎప్పుడో పట్టుకుంది. 1858లో వెలువడిన చిన్నయసూరి బాలవ్యాకరణం వర్తమానానికి ‘వండుచున్నాడు’ రూపాన్ని, తద్ధర్మానికి, అంటే అలవాటుకూ స్వభావానికీ, ‘వండును’ రూపాన్ని వేరువేరుగా చూపింది. సింపుల్ ప్రెజెంట్ చేసే పనిలో ఎక్కువ భాగం ఈ తద్ధర్మానిదే. చిక్కల్లా నేటి వాడుకతో వచ్చింది. ‘రోజూ తొమ్మిదింటికి వస్తాడు’, ‘రేపు తొమ్మిదింటికి వస్తాడు’ అనే రెండు వాక్యాల్లోనూ క్రియ ఒక్కటే. అందుకే మన పిల్లలు రోజువారీ అలవాటుకు కూడా ‘విల్ కమ్’ అని రాసేస్తారు. వాళ్లకు ‘ఎస్’ ఎక్కడ చేర్చాలో చెప్పేకంటే ముందు రోజూ వచ్చేవాడినీ రేపు వచ్చేవాడినీ ఇంగ్లిష్ వేరుచేస్తుందని చెప్పాలి.